తాకాల్సినంతే తాకే గణితం

లెక్కలో రెండు అంకెలుంటాయి. వ్యవస్థను దాని మానాన వదిలేస్తే తేడా ఎన్ని రెట్లు పెరుగుతుందో ఒకటి చెబుతుంది. ఒక్కసారి చెయ్యి వేస్తే ఆ తేడా ఎన్నో వంతుకు తగ్గుతుందో రెండోది చెబుతుంది. రెండింటినీ గుణిస్తే వచ్చేది ఒకటికి లోపు ఉండాలి. మెమ్‌రిస్టర్లతో అల్లిన రెండు న్యూరల్ నెట్‌వర్కులను ఒకే నడకకు తీసుకురావడం గురించి గడచిన పదిహేనేళ్లుగా గణిత పత్రాలు విరివిగా వస్తున్నాయి. వాటిలో ఇంపల్స్ పద్ధతిని పట్టుకున్నవాటికి మూలం ఈ చిన్న షరతే.

పత్రం తెరవగానే ఇది కనిపించదు. ముందు నిర్వచనాలు, తర్వాత ఊహలు, ఆ తర్వాత రెండు మూడు లెమ్మాలు, వాటి వెనుక సిద్ధాంతం వస్తాయి. చాలామంది అక్కడికే పత్రం మూసేస్తారు. ఓపిగ్గా చదివినవారికి మాత్రం ఆ సమీకరణాల్లో మంచి పనివాడి చెయ్యి కనబడుతుంది. ఎక్కడ తాకాలో, ఎంత తాకాలో, ఎక్కడ తాకకుండా వదిలేయాలో ఆ చేతికి తెలుసు. ఆ పనితనం నాకు చాలా ఇష్టం. దాన్ని ఇంజినీరింగ్ చదవనివారి ముందు కూడా పెట్టాలని ఈ ప్రయత్నం.

ముందు వస్తువు గురించి. ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియాన్ చువా 1971లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ఒక పత్రం ప్రచురించారు. విద్యుత్ వలయాల్లో ముఖ్యమైన రాశులు నాలుగు: వోల్టేజి, కరెంటు, ఆవేశం, అయస్కాంత అభివాహం. నాలుగింటిని జతలుగా కడితే ఆరు జతలవుతాయి. కరెంటును కాలం వెంట కూడుతూ పోతే ఆవేశం, వోల్టేజిని కూడుతూ పోతే అభివాహం వస్తాయి. ఇవి నిర్వచనాలే కాబట్టి రెండు జతల లెక్క తేలిపోయింది. వోల్టేజినీ కరెంటునూ రెసిస్టర్ కలుపుతుంది. వోల్టేజినీ ఆవేశాన్నీ కెపాసిటర్, కరెంటునూ అభివాహాన్నీ ఇండక్టర్ కలుపుతాయి. ఇక ఆవేశం, అభివాహం అనే జత ఒక్కటే మిగిలింది. దాన్ని కలిపే పరికరం కూడా ఉండి తీరాలని చువా వాదించి, దానికి మెమ్‌రిస్టర్ అని పేరు పెట్టారు. తనలోంచి ఇంతవరకు ఎంత ఆవేశం పోయిందో దాన్నిబట్టి నిరోధం మార్చుకునే పరికరం అది. కరెంటు ఆపేసినా చివరి విలువ దగ్గరే నిలబడుతుంది.

37 ఏళ్ల తర్వాత, 2008 మే 1 నాటి నేచర్ పత్రికలో హ్యూలెట్ పాకార్డ్ ప్రయోగశాలకు చెందిన స్ట్రూకోవ్, స్నైడర్, స్టీవార్ట్, విలియమ్స్ ఆ పరికరం దొరికిందని ప్రకటించారు. రెండు ప్లాటినం తీగల మధ్య పలచటి టైటానియం డయాక్సైడ్ పొర ఉంటుంది. అందులో ఆక్సిజన్ పరమాణువులు లేని ఖాళీలు వోల్టేజికి అటూ ఇటూ జరుగుతాయి, నిరోధం మారుతుంది. ఇంతకాలం ఎందుకు దొరకలేదన్నదానికి కూడా ఆ పత్రంలోనే జవాబుంది. ఈ ప్రభావం పొర మందం వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, మైక్రోమీటరు మందం దగ్గర ఉన్నదానికంటే నానోమీటరు దగ్గర పది లక్షల రెట్లు బలంగా ఉంటుంది. అది నిజంగా చువా ఊహించిన నాలుగో మూలకమేనా అన్న వాదన ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. మన కథకు ఆ తీర్పు అవసరం లేదు. గుర్తుపెట్టుకునే నిరోధం చేతికొచ్చింది, అది చాలు.

న్యూరల్ నెట్‌వర్కును వలయంగా కడితే ఒక న్యూరాన్ నుంచి మరో న్యూరాన్‌కు వెళ్లే సంకేతం ఎంత బలంగా ఉండాలో నిరోధాలే నిర్ణయిస్తాయి. ఆ మామూలు నిరోధాల స్థానంలో మెమ్‌రిస్టర్లు పెడితే బంధాల బలాలు స్థిరంగా ఉండవు, నెట్‌వర్క్ స్థితినిబట్టి మారతాయి. గణితంలో దీన్ని సరళం చేసి రెండు మెట్లుగా రాస్తారు. న్యూరాన్ స్థితి ఒక హద్దుకు లోపల ఉంటే బలం ఒక విలువ, హద్దు దాటితే ఇంకో విలువ. మెదడులోని సినాప్స్‌కు ఇది కొంత దగ్గర, కాబట్టే ఇంత ఆసక్తి. సంకేతం ఒక చోటి నుంచి మరో చోటికి చేరడానికి పట్టే ఆలస్యాన్ని కూడా సమీకరణంలో కలుపుతారు. ఆలస్యం ఉంటే రెండే రెండు న్యూరాన్ల నెట్‌వర్క్ కూడా కేయాస్‌లో పడగలదు. అంటే మొదట్లో ఉన్న రవ్వంత తేడా కాలం గడిచేకొద్దీ రెట్లు రెట్లుగా పెరిగిపోతుంది.

అలాంటి రెండు నెట్‌వర్కులు ఉన్నాయనుకుందాం. ఒకటి ముందు నడుస్తుంది, రెండోది దాని వెంట నడవాలి. ఒకే రకం సమీకరణాలే, మొదలైన చోట్లు మాత్రం వేరు. వదిలేస్తే ఎప్పటికీ కలవవు. 1665లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఒకే గదిలో వేలాడుతున్న రెండు లోలక గడియారాలు వాటంతట అవే లయ కలుపుకోవడం గమనించాడు, కానీ అవి బుద్ధిగా ఒకే తీరున ఊగే గడియారాలు. కేయాస్‌లో ఉన్న రెండు వ్యవస్థలు కలుస్తాయని చాలాకాలం ఎక్కువమంది నమ్మలేదు. 1990లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన పెకోరా, కరోల్ అలా కలపవచ్చని చూపించారు. ముందు నడిచే దాని నుంచి ఒక సంకేతాన్ని నిరంతరం రెండోదానికి అందిస్తే అది దాని వెంట పడుతుంది.

నిరంతరం అన్న షరతు దగ్గరే ఖర్చు. క్షణం కూడా తీగ తెగకూడదు, ఎప్పుడూ కొలుస్తూ ఉండాలి, ఎప్పుడూ సరిచేస్తూ ఉండాలి. ఇంపల్స్ పద్ధతి ఈ షరతును వదిలేసింది. కీ ఇచ్చే గోడ గడియారాలున్న రోజుల్లో చాలా ఇళ్లలో పొద్దున్నే రేడియో వార్తల వేళకు ముల్లు సరిచేసేవారు. మిగతా రోజంతా దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. రోజుకు రెండు నిమిషాలు వెనకబడే గడియారంతోనే ఇల్లంతా సజావుగా నడిచిపోయేది. ఇంపల్స్ నియంత్రణలో జరిగేదీ అదే. కొన్ని క్షణాల్లో మాత్రమే ముందు నడిచే దాని స్థితిని చూసి, వెంట నడిచే దాని స్థితిని ఒక్క గెంతులో దానికి దగ్గరగా జరుపుతారు. ఆ క్షణాల మధ్య దాన్ని పూర్తిగా వదిలేస్తారు. ఒక్కటే తేడా. గడియారం రోజూ ఒకే కొలతలో వెనకబడుతుంది, కేయాస్‌లో తేడా రెట్లు రెట్లుగా పెరుగుతుంది. కాబట్టి ఎంతసేపు వదలవచ్చన్నది లెక్క కట్టి మరీ చెప్పాలి.

లెక్క కట్టడానికి తేడా మొత్తాన్ని ఒకే సంఖ్యలోకి కుదించుకోవాలి. ప్రతి న్యూరాన్ దగ్గరి తేడానూ వర్గం చేసి కూడితే వచ్చే సంఖ్యను తేడా శక్తి అందాం. వ్యవస్థ స్థిరత్వాన్ని ఇలాంటి ఒక్క సంఖ్యతో పట్టుకోవచ్చని రష్యన్ గణితజ్ఞుడు ల్యాపునోవ్ 1892లోనే చూపించారు. ఇప్పుడొక ఉదాహరణ వేద్దాం. వదిలేస్తే ఈ శక్తి ప్రతి క్షణం సెకనుకు తన విలువకు 3 రెట్ల వేగంతో పెరుగుతుందనుకుందాం. ప్రతి 0.2 సెకన్లకు ఒకసారి తేడాను సగానికి తగ్గిస్తాం. తేడా సగమైతే దాని వర్గం నాలుగో వంతు అవుతుంది. 0.2 సెకన్లలో శక్తి పెరిగేది 1.82 రెట్లు. దాన్ని 0.25తో గుణిస్తే దాదాపు 0.46. ఒక్కో చుట్టు పూర్తయ్యేసరికి శక్తి సగం కంటే తక్కువకు పడిపోతుంది. పది చుట్లు, అంటే రెండే సెకన్లు గడిచేసరికి మొదటి విలువలో 2,500వ వంతు కూడా మిగలదు.

అదే 0.5 సెకన్లకు ఒకసారి గెంతిస్తే? పెరిగేది 4.48 రెట్లు, దాన్ని 0.25తో గుణిస్తే 1.12. ఒకటి దాటింది కాబట్టి కలుస్తాయన్న హామీ పోయింది. హద్దు దాదాపు 0.46 సెకన్ల దగ్గరుంది. రెండు గెంతుల మధ్య వ్యవధి అంతకంటే తక్కువ ఉన్నంతకాలం ఈ నెట్‌వర్క్ దారి తప్పదు, మధ్యలో ఎంత అల్లరి చేసినా సరే. మొత్తం పనితనానికి ఇది పునాది. దీని కోసం నెట్‌వర్క్ సమీకరణాలను ఎక్కడా సాధించలేదు. కేయాస్ సమీకరణాలకు సూత్రరూపంలో జవాబు మామూలుగా దొరకదు. సాధించకుండానే జవాబు ఎక్కడ ఉండి తీరాలో చెప్పగలగడం ఇందులోని గొప్ప.

ఈ కిటుకు గణితంలో పాతదే. అడ్డం తిరిగిన పెద్ద వ్యవస్థను నేరుగా పట్టుకోకుండా, దాని తేడా శక్తి ఎప్పుడూ ఒక చిన్న, ఒకే చలరాశి ఉన్న సమీకరణం జవాబుకు దిగువనే ఉంటుందని నిరూపిస్తారు. ఆ చిన్నది సున్నాకు చేరితే పెద్దదీ చేరక తప్పదు. దీన్ని పోలిక సూత్రం అంటారు. దీన్ని ఒక శాస్త్రంగా విస్తరించిన వారిలో ముందు వరసలో నిలబడే పేరు వంగిపురం లక్ష్మీకాంతం గారిది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, అమెరికాలో ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలోనూ ఆ తర్వాత ఫ్లోరిడా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనూ గణిత శాఖలకు సారథ్యం వహించారు. ఎస్. లీలతో కలిసి 1969లో అవకలన, సమాకలన అసమానతల మీద రెండు సంపుటాలు వెలువరించారు. గెంతులున్న అవకలన సమీకరణాల మీద సోవియట్ గణితజ్ఞులు మిల్మన్, మిష్కిస్ 1960లో తొలి అడుగు వేస్తే, ఆ విషయానికి పాఠ్యగ్రంథం అనదగ్గ పుస్తకాన్ని లక్ష్మీకాంతం గారు బల్గేరియాకు చెందిన బైనోవ్, సిమియోనోవ్‌లతో కలిసి 1989లో తెచ్చారు. చైనాలో, యూరప్‌లో, అమెరికాలో ఇంపల్స్ మీద వచ్చిన చాలా పత్రాల చివరి పేజీలో ఈ పుస్తకం పేరు తగులుతూనే ఉంటుంది. ఆయన పేరుతో విశాఖపట్నంలో గాయత్రి విద్యా పరిషత్ వారి దగ్గర ఒక ఉన్నత అధ్యయన సంస్థ ఉంది. మన సాధారణ పాఠకులకు మాత్రం ఆ పేరు పెద్దగా తెలియదు, అది మనకు లోటే.

ఈ గణితాన్ని కేయాస్ వలయాలకు పట్టుకొచ్చింది ఎవరో కాదు, మళ్లీ చువాయే. టావో యాంగ్‌తో కలిసి 1997లో ఇంపల్సులతో కేయాస్ వ్యవస్థలను నిలబెట్టడం, కలపడం మీద పత్రం రాశారు. దాన్ని రహస్య సమాచారానికి ఎలా వాడాలో కూడా అందులోనే చెప్పారు. ప్రతి కాలఖండంలో మొదటి చిన్న ముక్కను రెండు వ్యవస్థలను కలిపే ఇంపల్సులకు కేటాయించి, మిగిలిందంతా సందేశానికి వదిలేశారు. తీగను నిరంతరం ఆక్రమించనక్కర్లేదు కాబట్టే అది సాధ్యమైంది. 1971లో లేని పరికరాన్ని ఊహించిన మనిషి, ఆ పరికరం దొరకడానికి పదకొండేళ్ల ముందే దానితో కట్టబోయే నెట్‌వర్కులను కలిపే ఉపాయాన్ని కూడా సిద్ధం చేసిపెట్టినట్టయింది.

2008 తర్వాత రెండు దారులూ కలిశాయి. వుహాన్‌లో జెంగ్ జిగాంగ్ బృందం, నాన్‌జింగ్‌లో జిన్డే కావో బృందం, ఇంకా పలువురు మెమ్‌రిస్టర్ నెట్‌వర్కుల స్థిరత్వం మీద, సింక్రనైజేషన్ (ఒకే నడకకు తేవడం) మీద వరసగా పత్రాలు వెలువరించారు. అసలు చిక్కు వారి చేతుల్లోనే బయటపడింది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

బంధం బలం రెండు మెట్లలో మారుతుందని చెప్పుకున్నాం కదా. హద్దు 1 అనుకుందాం. లోపల ఉంటే బలం 2.0, దాటితే 1.8. ముందు నడిచే న్యూరాన్ స్థితి 0.99, వెంట నడిచేది 1.01 దగ్గర ఉన్నాయి. తేడా 0.02 మాత్రమే, దాదాపు కలిసిపోయినట్టే. కానీ ఒకటి హద్దుకు ఇటు, మరొకటి అటు ఉన్నాయి కాబట్టి రెండింటి బలాల మధ్య 0.2 తేడా ఉంది. వాడుకలో ఉన్న టాన్‌హెచ్ ప్రమేయంతో చూస్తే 1 దగ్గర సంకేతం 0.76. అంటే రెండు నెట్‌వర్కులను విడదీయగల తోపు 0.15 వరకు ఉంటుంది. స్థితుల మధ్య తేడా 0.02 నుంచి 0.002కు, 0.0002కు తగ్గినా అవి హద్దుకు చెరో వైపు ఉన్నంతసేపు ఆ తోపు 0.15 దగ్గరే నిలబడుతుంది. తేడా తగ్గితే తోపు కూడా దామాషాలో తగ్గుతుందన్నది మామూలు నెట్‌వర్కులకు అందరూ వాడే ఊహ. మెమ్‌రిస్టర్ ఆ ఊహను కూలదోసింది.

సమీకరణం కుడి వైపు ఇలా హద్దు దగ్గర తెగిపోతే, జవాబు అంటే ఏమిటన్నదే ముందు తేల్చుకోవాలి. దానికి సోవియట్ గణితజ్ఞుడు ఫిలిప్పోవ్ 1960 ప్రాంతంలో దారి వేసిపెట్టారు. హద్దు మీద వేగం ఒకే విలువ కాదు, రెండు విలువల మధ్య ఉన్న మొత్తం శ్రేణి అనుకుని, ఆ శ్రేణిలో ఏ విలువ తీసుకున్నా నిలబడేలా నిరూపణ రాయాలి. తొలి రోజుల పత్రాల్లో కొన్ని ఈ శ్రేణులను ఒకదాన్నుంచి ఒకటి తీసేసేటప్పుడు ఒక మెట్టును తేలిగ్గా దాటేశాయి. శ్రేణుల తేడా ఎప్పుడూ స్థితుల తేడాతో పాటే కుంచించుకుపోతుందని రాశాయి. హద్దు దగ్గర సంకేతం సున్నా అయితేనే అది నిజమని, లేకపోతే కాదని ఆ తర్వాత వచ్చినవారు చూపించారు. అదే పొరపాటును మళ్లీ మళ్లీ ఉదహరించకుండా, ఒకరి పనిని ఒకరు జాగ్రత్తగా చదివి సరిచేసుకోవడం ఈ రంగానికి మంచి పేరు తెచ్చింది.

సరిచేశాక రెండు దారులు మిగిలాయి. ఒకటి, తేడా ఏ దిక్కున ఉంటే దానికి ఎదురు దిక్కున స్థిరమైన బలంతో ఎప్పుడూ నెట్టే ఇంకో నియంత్రణను ఇంపల్సులకు తోడుగా కలపడం. అప్పుడు తేడా సున్నాకే చేరుతుంది. కానీ ఆ నెట్టుడు నిరంతరం ఉండాలి, సున్నా దగ్గర అది అటూ ఇటూ గజగజలాడుతుంది. ఏ ఖర్చును తప్పించుకోవడానికి ఇంపల్సుల దారి పట్టామో ఆ ఖర్చే వెనక తలుపు గుండా తిరిగి వచ్చినట్టు. రెండో దారి, తేడా పూర్తిగా పోదని ఒప్పుకుని, ఎంతలోపు ఉంటుందో కచ్చితంగా చెప్పడం. ఇంగ్లిషు పత్రాలు దీన్ని క్వాసీ సింక్రనైజేషన్ అంటాయి, మనం దాదాపు కలయిక అనుకోవచ్చు.

రెండో దారి ఓటమిలా కనిపిస్తుంది, కాదు. మన ఉదాహరణనే తీసుకుందాం. వదిలేసినప్పుడు పెరిగే వేగానికి తోడు, తెగిన హద్దు వల్ల సెకనుకు 0.01 చొప్పున కొత్త శక్తి వచ్చి చేరుతుందనుకుందాం. 0.2 సెకన్లకు ఒక గెంతు వేస్తే, చాలాసేపటికి శక్తి గరిష్ఠ విలువ 0.005 దగ్గర స్థిరపడుతుంది, దాన్ని మించదు. 0.1 సెకనుకు ఒకటి వేస్తే 0.0018. గెంతులు రెట్టింపు చేస్తే మిగులు దాదాపు మూడో వంతుకు పడింది. ఇప్పుడు ఇంజినీరు చేతిలో ఒక ధరల పట్టిక ఉంది. ఎంత కచ్చితత్వం కావాలో చెప్పండి, ఎన్ని గెంతులు కొనుక్కోవాలో ఇది చెబుతుంది. తేడా సున్నా అవుతుందని చెప్పి ఆచరణలో నిలబడని సిద్ధాంతం కంటే, 0.0018 అని చెప్పి దానికి కట్టుబడే సిద్ధాంతమే పనికొస్తుందని నా గట్టి నమ్మకం. పైగా తయారీలో ఏ రెండు మెమ్‌రిస్టర్లూ అచ్చంగా ఒకేలా రావు. అలాంటి చోట దాదాపు కలయికే అసలైన కలయిక.

ఆలస్యం దగ్గర ఇంకో అందమైన ముడి ఉంది. ఇంపల్స్ ఈ క్షణంలో ఉన్న తేడాను కోస్తుంది. కానీ సంకేతాల ఆలస్యం వల్ల కాసేపటి కిందటి తేడా ఇంకా దారిలోనే ఉంటుంది. ఇప్పుడు తేడాను పూర్తిగా తుడిచేసినా ఆ పాతది వచ్చి మళ్లీ రాజేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి రుమేనియా గణితజ్ఞుడు హలనయ్ 1966లో ఇచ్చిన అసమానతను గెంతులకు అనువుగా మలుచుకున్నారు. అలా వచ్చిన షరతుల్లో ఒక దాని రూపం ఇది: మామూలు పెరుగుదల రేటుకు ఆలస్యం ద్వారా వచ్చే రేటును గెంతు మిగిల్చిన వంతుతో భాగించి కలపాలి, గెంతుల వల్ల వచ్చే సగటు తగ్గుదలను తీసెయ్యాలి; మొత్తం సున్నాకు దిగువన ఉండాలి.

ఆ భాగహారాన్ని గమనించండి. ఆలస్యం ద్వారా వచ్చే రేటు 0.5, మిగతావన్నీ మునుపటివే అనుకుందాం. గెంతు తేడా శక్తిని 0.25 వంతుకు తగ్గిస్తే షరతులోని మొత్తం మైనస్ 1.93. ఇంకా బలంగా 0.1 వంతుకు తగ్గిస్తే మైనస్ 3.51, మెరుగైంది. మరీ బలంగా 0.01 వంతుకు కోసేస్తే? మొత్తం ప్లస్ 30 దాకా వెళ్లి షరతు విఫలమవుతుంది. అక్కడ నెట్‌వర్కులు నిజంగా విడిపోతాయని కాదు, ఈ షరతు ఇచ్చే హామీ అక్కడ పనిచేయదని. కారణం తేటగానే ఉంది. వర్తమానాన్ని ఎంత చిన్నది చేస్తే దాని పక్కన గతం అంత పెద్దదిగా నిలుస్తుంది, ఆ నిష్పత్తినే ఈ భాగహారం మోస్తోంది. ఈ షరతు దృష్టిలో అన్నిటికంటే మేలైన గెంతు ఎంతో కూడా లెక్క తేలుతుంది. ఆలస్యం రేటును గెంతుల మధ్య వ్యవధితో గుణిస్తే చాలు. ఇక్కడ 0.5ను 0.2తో గుణిస్తే 0.1. ఆలస్యం ఎంత పొడుగన్నది షరతులోకి రానేరాదు. ఎంత వేగంగా కలుస్తాయన్న దాన్ని మాత్రమే అది మారుస్తుంది. ఇలాంటి చోట్ల గణితం చదవడం మంచి సంగీతం విన్నంత తృప్తినిస్తుంది.

వందల నెట్‌వర్కులను ఒకేసారి ఒక నాయకుడి వెంట నడిపించాలంటే అన్నిటికీ గెంతులు వేయడం కుదరదు. 2012లో లు, కుర్త్స్, కావో మరి కొందరు రాసిన పత్రంలోని ఉపాయం దీనికి పనికొస్తుంది. గెంతు వేసే ప్రతి క్షణంలోనూ ఎవరి తేడా ఎక్కువగా ఉందో చూసి, వారిని మాత్రమే సరిచేయాలి. మళ్లీ గెంతు వేసే వేళకు జాబితా మారిపోతుంది. 100 నెట్‌వర్కుల్లో 25 ఎంచుకున్నామనుకుందాం. తేడా శక్తి ఎక్కువగా ఉన్న 25 కాబట్టి, మొత్తం శక్తిలో కనీసం నాలుగో వంతు వాటి దగ్గరే ఉండి తీరాలి. సగటు గురించి తెలిసిన బడిపిల్లలు కూడా దీన్ని నిరూపించగలరు. ఆ నాలుగో వంతును నాలుగో వంతుకు తగ్గిస్తే మొత్తం 0.8125కు పడుతుంది. నెట్‌వర్కుల మధ్య బంధాల నుంచి ఏ సాయమూ అందకపోయినా, 0.069 సెకన్లకు ఒక గెంతుతో పని జరుగుతుంది. ఎంచుకునే వాటి సంఖ్య, గెంతుల మధ్య వ్యవధి, గెంతు బలం అనే మూడింటి మధ్య బేరం ఒక్క వాక్యంలో తేలిపోయింది. ఇంత బరువైన ఫలితానికి ఇంత తేలికైన కారణం దొరకడం అరుదు.

2010లో లు, హో, కావో ప్రవేశపెట్టిన సగటు ఇంపల్స్ వ్యవధి భావన కూడా ఇలాగే ఉపయోగపడింది. అంతకుముందు ప్రతి రెండు గెంతుల మధ్యా హద్దు పాటించాల్సి వచ్చేది. ఒక్కసారి ఆలస్యమైతే సిద్ధాంతం చేతులెత్తేసేది. వీరు గెంతుల లెక్కను మొత్తం కాలం మీద సగటుగా చూశారు. కొన్ని ఒక్కచోట గుంపుగా పడినా, కొంతసేపు ఏవీ పడకపోయినా, అప్పు కొంత మేరకు మించనంత వరకు ఫలితం నిలుస్తుంది. ఈ మధ్య కాలంలో తేడా పరిమాణాన్నే గెంతు వేళ నిర్ణయించనిచ్చే పద్ధతులూ వచ్చాయి. అక్కడ పరిమిత కాలంలో అనంతమైన గెంతులు పడవని ప్రత్యేకంగా నిరూపించాలి.

ఇంత మెచ్చుకున్నాక రెండు మాటలు నిష్ఠురంగానూ చెప్పాలి. ఈ పత్రాల చివర వచ్చే ఉదాహరణల్లో ఎక్కువ భాగం రెండు మూడు న్యూరాన్లవే, అవీ కంప్యూటర్ మీద అనుకరించినవే. బొమ్మలను కేయాస్‌తో రహస్యంగా మార్చి చూపే విభాగాలు కొన్నిటిలో అతికించినట్టు ఉంటాయి, వాటి భద్రతను సంకేతలిపి నిపుణుల కొలతలతో కొలవరు. మరోవైపు పరికరాల పని ఆగలేదు. 2015లో స్ట్రూకోవ్ బృందం 12 వరసలు, 12 నిలువుల మెమ్‌రిస్టర్ జల్లెడను కట్టి, మూడు బిందువుల వెడల్పు, మూడు బిందువుల ఎత్తున్న చిన్న బొమ్మలను గుర్తుపట్టేలా నేర్పింది. అసలైన మెమ్‌రిస్టర్ రెండు మెట్లలో ఠక్కున మారదు. మెల్లగా జరుగుతుంది, ఒక్కోసారి ఒక్కోలా స్పందిస్తుంది. సిద్ధాంతం ఆ మెల్లదనాన్ని, ఆ అనిశ్చితిని లోపలికి తీసుకోవాల్సిన దశకు వచ్చింది. దాదాపు కలయిక గణితం అందుకు సిద్ధంగానే ఉంది.

ఈ విషయంలో ప్రాజెక్టు వెతుక్కుంటున్న ఇంజినీరింగ్, గణిత విద్యార్థులకు ఒక మనవి. పైన వేసిన లెక్కలను ముందు ఒక స్ప్రెడ్‌షీట్‌లో మీరే వేసి చూడండి, అంకెలు మార్చి హద్దులు ఎక్కడ జరుగుతున్నాయో గమనించండి. ఆ తర్వాత ఆప్ ఆంప్‌లతో, మైక్రోకంట్రోలర్‌తో మెమ్‌రిస్టర్‌లా ప్రవర్తించే రెండు చిన్న వలయాలు కట్టి, గెంతుల మధ్య వ్యవధిని పెంచుతూ పోయి, అవి ఎక్కడ విడిపోతున్నాయో కొలవండి. మిగులు ఎంత ఉందో కొలిచి, సిద్ధాంతం ఒప్పుకున్న దాని పక్కన రాయండి. పదకొండో కొత్త షరతు కంటే, ఇప్పటికే ఉన్న ఒక్క షరతును బల్ల మీద పరీక్షించిన పత్రం ఈ రంగానికి ఇప్పుడు ఎక్కువ అవసరం.